ఆవులు ఆపిన హైవే

అలాస్కా నుంచి అర్జెంటీనా కొస దాకా దాదాపు 30 వేల కిలోమీటర్ల రోడ్డు. మధ్యలో వంద కిలోమీటర్ల అడవి దగ్గర మాత్రం తెగిపోయింది. డబ్బు లేక కాదు, ఇంజినీర్లకు చేతకాకా కాదు. అసలు సంగతి పశువుల కొట్టంలో ఉంది.

యావీసా రేవులో పొద్దున్నే సందడి మొదలవుతుంది. చెట్టు మొద్దుని తొలిచి చేసిన పొడవాటి దోనెలు ఒకదాని వెనక ఒకటి ఒడ్డుకొచ్చి ఆగుతుంటాయి. వెనక కొసన మోటారు, ముందు కొసన గడకర్ర పట్టుకుని నిలబడ్డ కుర్రాడు. మధ్యలో పచ్చి అరటిగెలలు, పెండలం దుంపల బస్తాలు. కూలీలు వాటిని భుజాన వేసుకుని బురదగట్టు ఎక్కి లారీల్లో పేరుస్తారు. అవే లారీల్లో వచ్చిన సిమెంటు బస్తాలూ బీరు క్రేట్లూ పెట్రోలు డబ్బాలూ ఎదురు వరసలో దోనెల్లోకి దిగుతాయి. సరుకు మారాక లారీ వెనక్కి తిరగాల్సిందే. ముందుకి దారి లేదు. ఎదురుగా చుకునాకే నది, నది అవతల అడవి.

పనామా దేశంలో, రాజధాని నుంచి 280 కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న ఊరు ఇది. ప్రపంచంలోకెల్లా పొడవైన మోటారు దారి అని పేరుపడ్డ పాన్ అమెరికన్ హైవే అలాస్కా మంచునేల మీద బయల్దేరి, కెనడా, అమెరికా, మెక్సికో దాటి, మధ్య అమెరికాలో ఆరు దేశాల్ని చుట్టి, ఈ రేవు దగ్గరికొచ్చి ఆగిపోతుంది. మళ్ళీ మొదలయ్యేది కొలంబియాలోనే. నడుమ ఉన్నది దారియెన్ అడవి. దూరం చూస్తే పెద్దదేం కాదు, హైదరాబాద్ నుంచి నల్గొండ వెళ్ళినంత. వందేళ్ళుగా దేశాధ్యక్షులు, ఇంజినీర్లు, కార్ల కంపెనీలు, సైన్యాలు అందరూ తలో చేయీ వేశారు. ఆ నల్గొండ దూరం మాత్రం తెగలేదు.

ఎక్కడి దారియెన్, ఎక్కడి మనం అనుకోవచ్చు. శ్రీశైలం వెళ్ళే వాళ్ళకి మన్ననూరు చెక్‌పోస్టు తెలుసు. రాత్రి 9 గంటలకి అక్కడ గేటు పడుతుంది, తిరిగి తెల్లవారి 6 గంటలకే తీస్తారు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం మీదుగా స్తంభాలెత్తి ఎలివేటెడ్ కారిడార్ కట్టాలన్న ప్రతిపాదన వచ్చినప్పటి నుంచి, అడవిలో రోడ్డు ఎంతవరకు ఉండాలన్న వాదన మన టీకొట్ల దాకా వచ్చింది. మరోపక్క 2025 ఫిబ్రవరి 5న అమెరికా సైనిక విమానం 104 మంది భారతీయుల్ని చేతులకి బేడీలతో తెచ్చి అమృత్‌సర్‌లో దింపింది. హర్యానా, గుజరాత్, పంజాబ్ కుర్రాళ్ళే ఎక్కువ. పనామా అడవిలో నడిచి వెళ్ళామని వాళ్ళలో కొందరు టీవీల ముందు చెప్పారు. వాళ్ళు నడిచిన అడవి ఇదే. లారీలు పోలేని చోట మన పిల్లలు నడిచారు.

రైలనుకున్నారు, రోడ్డయింది

రెండు అమెరికా ఖండాల్ని కలపాలన్న ఆలోచన పుట్టినప్పుడు ఎవరి మనసులోనూ రోడ్డు లేదు. 1889లో వాషింగ్టన్‌లో మొదలైన తొలి పాన్ అమెరికన్ సదస్సు మాట్లాడుకున్నది రైలుమార్గం గురించి. సర్వేలు జరిగాయి, పటాలు గీశారు, అక్కడక్కడా పట్టాలు కూడా పడ్డాయి. ఆ ముక్కలు ఒకదాన్నొకటి కలుసుకోలేదు. ఈలోగా కారు వచ్చింది. 1923లో చిలీ రాజధాని శాంటియాగోలో సదస్సు జరిగేనాటికి రైలు మాట మరుగునపడి రోడ్డు మాట ముందుకొచ్చింది. ఆ మరుసటి ఏడాదే అమెరికా వాళ్ళు దక్షిణాది దేశాల ప్రతినిధుల్ని పిలిచి, పెళ్ళివారికి ఇల్లూ పొలమూ చూపించినట్టు తమ రోడ్లనీ కార్ల ఫ్యాక్టరీలనీ తిప్పి చూపించారు. రోడ్డు పడితే దాని మీద తిరగడానికి కారు కొనేవాడు పుడతాడని కార్ల కంపెనీల ఊరు డెట్రాయిట్‌కి బాగా తెలుసు.

1937 నాటికి 14 దేశాలు ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి. ఎవరి భూమి మీద రోడ్డు వాళ్ళే వేసుకోవాలి. అందరికంటే ముందు, 1950లో, సొంత ఖర్చుతో తన వాటా పూర్తిచేసింది మెక్సికో. ఆ సంబరానికి దేశం ఈ చివర నుంచి ఆ చివర దాకా కార్ల పందెం పెట్టింది. పేరు కరేరా పానమెరికానా. మామూలు జనం తిరిగే రోడ్డు మీద, కొండ మలుపుల్లో, కంచె కూడా లేకుండా కార్లు దూసుకుపోతుంటే ఊళ్ళకి ఊళ్ళు రోడ్డు పక్కన నిలబడి చూశాయి. ఐదేళ్ళలో 27 మంది పోయారు. 1954 తర్వాత ఆపేశారు. జర్మన్ కంపెనీ పోర్షే తన కార్లకి పెట్టుకున్న కరేరా, పనమెరా పేర్లు మాత్రం ఆ పందెం నుంచి వచ్చి ఇప్పటికీ షోరూముల్లో ఉన్నాయి.

ఉత్తరాన కథ వేరు. అక్కడ రోడ్డు వేయించింది యుద్ధం. 1941 డిసెంబరులో జపాన్ పెర్ల్ హార్బర్ మీద బాంబులు వేసింది. అలాస్కాకి నేల మీదుగా దారి లేదన్న సంగతి అమెరికాకి అప్పుడు గుచ్చుకుంది. 1942 మార్చిలో పని మొదలుపెట్టి, అక్టోబరు ఆఖరికల్లా కెనడాలోని డాసన్ క్రీక్ నుంచి అలాస్కా దాకా సుమారు 2,700 కిలోమీటర్లు కలిపేశారు. దిగిన సైనికులు పది వేలకు పైమాటే. వాళ్ళలో మూడో వంతు నల్లజాతి వాళ్ళు. అప్పటి అమెరికా సైన్యంలో తెల్లవాళ్ళ దళాలు వేరు, నల్లవాళ్ళ దళాలు వేరు. మంచి యంత్రాలు తెల్లవాళ్ళకి పోతే, వీళ్ళకి పారలూ గొడ్డళ్ళూ మిగిలిన సందర్భాలున్నాయి. సికాన్నీ చీఫ్ నది మీద చెక్క వంతెనని అలాంటి దళమే నాలుగు రోజులు తిరక్కుండా నిలబెట్టింది.

తొందరలో చేసిన పనికి నేల బుద్ధి చెప్పింది. ఏడాదంతా గడ్డకట్టి ఉండే మట్టి మీద నాచు దుప్పటిలా పరుచుకుని ఉంటుంది. బుల్‌డోజర్లు ఆ నాచుని గీకేయగానే ఎండ తగిలి కింది మంచు కరిగింది, రోడ్డు ఊబి అయింది. లారీలు ఇరుసుల దాకా దిగబడ్డాయి. చివరికి నాచుని కదపకుండా, దాని మీద మొద్దులు అడ్డంగా పరిచి, ఆపైన కంకర పోయడం నేర్చుకున్నారు.

> ఇంటి మీద బెంగతో నాటిన బోర్డు
>
> అలాస్కా హైవే పనిలో ఉండగా 1942లో కార్ల్ లిండ్లీ అనే సైనికుడికి గాయమైంది. కెనడాలోని వాట్సన్ లేక్ దగ్గర, తేలిక పనిగా, దారి చూపే బోర్డులు బాగుచేయమన్నారు. అతను అన్ని బోర్డుల మధ్యా తన సొంత ఊరు ఇల్లినాయ్‌లోని డాన్‌విల్ పేరు, అక్కడికి ఎన్ని మైళ్ళో రాసి ఒకటి నాటాడు. ఆ దారిన పోయేవాళ్ళు తామూ తమ ఊరి బోర్డు తెచ్చి తగిలించడం మొదలుపెట్టారు. ఇప్పుడక్కడ 80 వేలకు పైగా బోర్డులు స్తంభాల నిండా ఉన్నాయి. ఊరి పేర్లు, వీధి పేర్లు, కారు నంబరు ప్లేట్లు, ఏది దొరికితే అది.

గంటకి 200 మీటర్లు

దారియెన్‌లో మోటారు బండి పోగలదో లేదో చూద్దామని 1960లో ఒక బృందం బయల్దేరింది. ఒక లాండ్ రోవర్, ఒక జీపు. ఫిబ్రవరి 2న పనామాలోని చేపో నుంచి కదిలారు. జూన్ 17న కొలంబియాలోని కిబ్డో చేరారు. 136 రోజులు. సగటున గంటకి 200 మీటర్లు. మన ఊళ్ళో ఎడ్లబండి ఇంతకంటే చాలా జోరుగా పోతుంది.

ముందు కత్తులు పట్టిన స్థానికులు పొదలు నరుకుతూ పోవాలి, వెనక బండ్లు ఒక్కో అడుగూ రావాలి. వాగు వచ్చిన ప్రతిచోటా తాటిజాతి చెట్లు కొట్టి, మొద్దులు పేర్చి వంతెన కట్టుకోవాలి. అలాంటివి వందకు పైగా కట్టుకున్నారు. ఈ బృందంలో నా కంటికి ఆనే మనిషి డ్రైవర్లలో ఎవరూ కాదు. రెయినా టోరెస్ డి అరావుస్ అనే పనామా ఆవిడ. మానవశాస్త్రం చదివింది, అప్పటికి ముప్ఫై కూడా నిండలేదు. భర్త అమాడో అరావుస్ కూడా బృందంలో ఉన్నాడు. మిగతావాళ్ళు బండి ఎప్పుడు కదులుతుందా అని చూస్తుంటే ఈమె దారిలో తగిలిన ఎంబెరా, గుణ తెగల జీవితం గమనించింది. ఆ తర్వాత పనామాలో మ్యూజియాల ఉద్యమాన్ని తన భుజాల మీద నడిపింది. 1982లో యాభై నిండకుండానే పోయింది. పనామా మానవశాస్త్ర మ్యూజియానికి ఇవాళ ఆమె పేరే ఉంది.

1961లో షెవర్లే కంపెనీ కార్వెయిర్ కార్లు మూడు తీసుకుని ప్రచారం కోసం ఇంకో బృందం వెళ్ళింది. ఒక కారుని అడవిలోనే వదిలి వచ్చారు. చెట్లు దాని లోంచి మొలిచిన ఫొటోలు చూసే ఉంటారు. 1972లో బ్రిటిష్ సైన్యాధికారి జాన్ బ్లాష్‌ఫర్డ్ స్నెల్ రేంజ్ రోవర్లతో దాటాడు. ఆయన వెంట ఇంజినీర్లు, సైనికులు కలిసి చిన్న దండే ఉంది. అయినా అడవిలో మూడు నెలలు పట్టింది.

చూడబోతే ఇదంతా కొండ వల్లే అనిపిస్తుంది. నిజానికి కొండల కంటే మొండిది కొలంబియా వైపున్న అట్రాటో నది చిత్తడి. ఏడాది పొడుగునా వాన. కిలోమీటర్ల కొద్దీ నేలా కాదు నీరూ కాదు. పునాది దించడానికి గట్టి మట్టి ఎంత లోతున తగులుతుందో తెలియదు. సరే, ఇంజినీర్లు ఇంతకంటే కష్టమైనవి కట్టారు. 1970లో అమెరికా కాంగ్రెస్ ఈ ముక్క కోసం 10 కోట్ల డాలర్ల దాకా మంజూరు చేసింది. ఖర్చులో మూడింట రెండొంతులు అమెరికాది, మిగతాది పనామా, కొలంబియాలది. అంతా సిద్ధం. అప్పుడు అడ్డం వచ్చాయి ఆవులు.

గాలికుంటు పేరు చెబితే వణుకు

గాలికుంటు అంటే మన పల్లెల్లో కొత్తగా చెప్పక్కర్లేదు. నోట్లో పుండ్లు, గిట్టల మధ్య పుండ్లు, చొంగ కార్చుకుంటూ మేత ముట్టని గొడ్డు. మన దగ్గర టీకాలు వేయించుకుని, పసుపు రాసి, ఎలాగో నెట్టుకొస్తాం. అమెరికాలో చివరిసారి ఈ జబ్బు కనబడింది 1929లో. ఆ తర్వాత మళ్ళీ రానివ్వలేదు. పనామా నుంచి ఉత్తరం వైపు ఎక్కడా లేదు. దక్షిణ అమెరికాలో ఉండేది. రెంటికీ నడుమ గోడలా నిలబడ్డది దారియెన్ అడవే.

గోడ లేకపోతే ఏమవుతుందో మెక్సికో 1946లో చూసింది. బ్రెజిల్ నుంచి ఓడలో మూపురపు ఎద్దులు వచ్చాయి. కొద్ది నెలలకే వెరాక్రూజ్ ప్రాంతంలో గాలికుంటు బయటపడింది. బ్రెజిల్‌లోని మూపురపు పశువుల మూలం మన దేశమే. అక్కడ మందల్లో అన్నిటికంటే ఎక్కువ కనిపించే జాతి నెలోరే. మన ఒంగోలు గిత్తలే ఓడలెక్కి వెళ్ళి, నెల్లూరు పేరుతో అక్కడ స్థిరపడ్డాయి. మెక్సికోకి జబ్బు తెచ్చినవి సరిగ్గా ఆ జాతివేనని చెప్పలేం కానీ, దూరపు చుట్టరికం ఉంది.

అమెరికా, మెక్సికో కలిసి కమిషన్ వేశాయి. మొదట తీసుకున్న నిర్ణయం, జబ్బు సోకిన పశువునీ దాని పక్క పశువునీ కాల్చి పాతిపెట్టడం. గోతులు తవ్వారు, సైనికులు వరసగా నిలబెట్టి కాల్చారు. దాదాపు పది లక్షల పశువులు పోయాయి. పేద రైతుకి ఆవు పోతే పాలు పోతాయి, ఎద్దు పోతే సేద్యమే పోతుంది. డబ్బు ఇచ్చినా, కాడి ఎద్దుల బదులు కంచరగాడిదలు ఇచ్చినా, వాటితో దున్నడం అందరికీ చేతకాలేదు. జనం తిరగబడ్డారు. మిచోవకాన్ రాష్ట్రంలో ఒకచోట పశువైద్యుణ్ణీ ఆయనకి కాపలాగా వచ్చిన సైనికుల్నీ చంపేశారు. దాంతో కాల్పులు తగ్గించి టీకాల బాట పట్టారు. జబ్బు పూర్తిగా పోవడానికి మరికొన్నేళ్ళు పట్టింది.

ఆ పీడకల మర్చిపోని అమెరికా పశుపోషకులకి దారియెన్ రోడ్డు అంటే కొలంబియా నుంచి జబ్బు లారీ ఎక్కి రావడం. అడవి పోతుందని సియెరా క్లబ్ లాంటి పర్యావరణ సంస్థలు కోర్టుకెక్కాయి. వాళ్ళ వాదనలో గాలికుంటు కూడా గట్టి అస్త్రమే. చెట్ల కోసం పోరాడేవాళ్ళూ బీఫ్ వ్యాపారులూ ఒకే వైపు నిలబడ్డ అరుదైన సందర్భం ఇది. 1975లో వాషింగ్టన్ ఫెడరల్ కోర్టు పని ఆపమంది. 1978లో పైకోర్టు ఆ ఉత్తర్వు ఎత్తేసింది. కానీ కొలంబియాలో గాలికుంటు అదుపులోకి వచ్చేదాకా అమెరికా డబ్బు కదలదన్న షరతు అలాగే ఉంది. డబ్బు కదల్లేదు, రోడ్డూ కదల్లేదు. ఈలోగా 1981లో పనామా వైపు అడవి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. 1994లో కొలంబియా వైపు లోస్ కాటియోస్ ఉద్యానవనం కూడా ఎక్కింది. అడవికి కాగితం మీద బలం వచ్చింది.

కోర్టులు అడవి విలువ గుర్తించాయని మురిసిపోయే రాతలు చాలా చదివాను. నాకు మాత్రం ఆవులే కనిపిస్తాయి. ఒక్క చెట్ల పేరు చెప్పి ఆపమంటే ఆ రోడ్డు ఆగేదా అంటే నాకు అనుమానమే.

> ఈగలు తయారుచేసే ఫ్యాక్టరీ
>
> స్క్రూవార్మ్ అనే ఈగ పశువు గాయం మీద గుడ్లు పెడుతుంది. పురుగులు బయటికొచ్చి బతికున్న కండనే తొలుచుకుతింటాయి. ఆడ ఈగ జన్మలో ఒకేసారి జతకడుతుంది. ఆ కిటుకు పట్టుకుని అమెరికా శాస్త్రవేత్తలు పిల్లలు పుట్టించలేని మగ ఈగల్ని తయారుచేసి విమానాల్లోంచి వదిలారు. అమెరికాలో, తర్వాత మెక్సికోలో, మధ్య అమెరికాలో జబ్బు తుడిచిపెట్టుకుపోయింది. 2006 నుంచి పనామాలోని పకోరాలో ఉన్న ఫ్యాక్టరీ వారానికి కోట్ల ఈగల్ని పెంచి దారియెన్ మీద చల్లుతూ వచ్చింది. పురుగులకి మేత రక్తం పొడి, గుడ్ల పొడి, పాలపొడి. 2023లో ఈ గోడకీ చిల్లుపడింది. ఒక్కో దేశమే దాటుకుంటూ 2024 నవంబరుకి ఈగ మెక్సికో చేరింది. అమెరికా ఆ దేశపు పశువుల దిగుమతి ఆపేసింది.

రోడ్డు వచ్చిన వైపు ఏమైంది?

అడవి నష్టం ఊహ కాదు, పక్కనే పాఠం ఉంది. చేపో నుంచి యావీసా వైపు హైవే పని సాగింది 1970ల్లో. అప్పటిదాకా అదీ అడవే. రోడ్డు ముందు, లారీ వెనక, లారీ వెనకే పశ్చిమ పనామా నుంచి భూమిలేని రైతులు. రోడ్డుకి ఇరుపక్కలా చెట్లు కొట్టారు, తగలబెట్టారు, గడ్డి వేశారు, గొడ్లని తోలుకొచ్చారు. ఇవాళ ఆ దారిన పోతే కనబడేది పచ్చిక బీడు, ముళ్ళకంచె, మధ్యలో ఒంటరిగా మిగిలిన పెద్ద చెట్టు. గాలికుంటు భయంతో ఆపిన రోడ్డు, ఆగేలోపు కొత్త పశువుల దొడ్లు పెట్టించింది.

ఆ రైతుల్ని తిట్టడం తేలిక. వాళ్ళకి సొంత ఊళ్ళో భూమి లేదు. ప్రభుత్వమే రోడ్డు వేసి రమ్మంది. ఎంబెరా, వునాన్, గుణ జనం మాత్రం తమ వేటదారులు కంచెలుగా మారడం చూస్తూ ఉండాల్సి వచ్చింది. అయితే ఆ తెగల వాళ్ళందరిదీ ఒకే మాట అనుకోవద్దు. పురిటినొప్పులు పడుతున్న కూతుర్ని దోనెలో వేసుకుని గంటల తరబడి ఆసుపత్రికి వెళ్ళే తండ్రికి రోడ్డు కావాలనే ఉంటుంది. అరటిగెల దోనె దిగేసరికి సగం ధర పోయే రైతుకీ కావాలి. నల్లమలలో చెంచు పెంటల వైపు చూసినా ఇదే చిక్కు. బయటివాడి కారుకి కావలసిన రోడ్డు వేరు, లోపలివాడికి అంబులెన్సు రావడానికి కావలసిన బాట వేరు. ఈ రెంటినీ కలిపి ఒకే ఫైల్లో పెట్టడం దగ్గరే గొడవంతా వస్తోంది.

మన దగ్గర మధ్యేమార్గం వెతికిన చోటు ఒకటుంది. మన ఆదిలాబాద్, హైదరాబాద్, కర్నూలు, అనంతపురం మీదుగా కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీదే, నాగపూర్ దాటి సివనీ వైపు వెళుతుంటే పెంచ్ పులుల అడవి వస్తుంది. కోర్టు కేసుల తర్వాత అక్కడ రోడ్డుని పైకెత్తి, కింద జంతువులకి వెడల్పాటి దారులు వదిలారు. కెమెరాలు పెడితే పులులు, అడవికుక్కలు, దుప్పులు ఆ దారుల్లోంచి పోవడం కనబడింది. పనికొచ్చిన ఏర్పాటే. కానీ పెంచ్‌లో అప్పటికే రోడ్డుంది, దాన్ని మెరుగుపరిచారు. రోడ్డే లేని అడవిలో స్తంభాలు పాతడానికి ముందు క్రేన్లు రావాలి, క్రేన్లు రావాలంటే మట్టిబాట పడాలి. ఆ మట్టిబాట వెంట వచ్చేవాళ్ళని ఏ డిజైనూ ఆపలేదు.

> తోక తెగిన బల్లి
>
> పెరూలోని నాస్కా ఎడారిలో దాదాపు రెండు వేల ఏళ్ళ నాడు గీసిన బ్రహ్మాండమైన బొమ్మలున్నాయి. కోతి, సాలీడు, హమ్మింగ్‌బర్డ్. నేల మీద నిలబడితే గీతలు, పైనుంచి చూస్తేనే రూపాలు. పాన్ అమెరికన్ హైవే వేసినవాళ్ళు నేల మీద నిలబడి వేశారు. రోడ్డు ఒక బల్లి బొమ్మని అడ్డంగా కోసుకుంటూ పోయింది. జీవితమంతా ఆ గీతల కోసం ధారపోసిన జర్మన్ గణితజ్ఞురాలు మరియా రైషె 1976లో రోడ్డు పక్కనే జనం ఎక్కి చూడటానికి ఇనుప మంచె కట్టించింది. 2018లో ఒక లారీ రోడ్డు దిగి గీతల మీదికి వెళ్ళింది.

రోడ్డు లేకపోయినా ఐదు లక్షల మంది

రోడ్డు ఆగితే మనుషులు ఆగుతారని లెక్కవేసినవాళ్ళ లెక్క తప్పింది. 2021లో లక్షా 30 వేల మందికి పైగా ఈ అడవి నడిచి దాటారు. 2022లో రెండున్నర లక్షలు. 2023లో ఏకంగా 5 లక్షల 20 వేలు. అయిదుగురిలో ఒకరు పిల్లలు. వెనిజులా వాళ్ళే అందరికంటే ఎక్కువ. ఆ వెనక ఈక్వెడార్, హైతీ, చైనా. మన దేశం వాళ్ళూ ఉన్నారు.

కొలంబియా తీరంలో నెకోక్లి నుంచి పడవ. అక్కడి అఖాతం దాటి అకాండిలో దిగాక చేతికి రంగు పట్టీ కట్టేవారు. పట్టీ రంగుని బట్టి ఎంత కట్టావో, ఏ దారిన వెళ్ళాలో తెలిసిపోయేది. అక్కడి గోల్ఫో ముఠా గుప్పిట్లో ఉన్న వ్యాపారమది. రబ్బరు బూట్లు, గుడారం, ఫోనుకి ప్లాస్టిక్ సంచి, అన్నీ అక్కడే అమ్మేవారు. సరిహద్దు కొండ దాకా గైడు వచ్చేవాడు. జెండా పాతిన ఆ శిఖరం దగ్గర చేతులూపి వెనక్కి తిరిగేవాడు. అవతలంతా నీ ఖర్మ. మోకాళ్ళ దాకా బురద, తాళ్ళు పట్టుకుని ఎక్కే కొండలు, ఉన్నట్టుండి ఉబికే వాగులు, తుపాకులు చూపి దోచే దొంగలు. ఆడవాళ్ళ మీద జరిగిన అఘాయిత్యాల గురించి అక్కడ వైద్యం చేసిన స్వచ్ఛంద వైద్యులు మొత్తుకుంటే, వాళ్ళ శిబిరమే కొంతకాలం మూతపడింది.

పనామా వైపు మొదట తగిలే పల్లె బాహో చికీతో. తుకెసా నది ఒడ్డున ఎంబెరా వాళ్ళ ఊరు, స్తంభాల మీద నిలబెట్టిన చెక్క ఇళ్ళు. కొన్ని వందలమంది ఉండే ఊరికి రోజుకి వేలమంది వచ్చిపడ్డారు. ఊళ్ళో ప్రతి ఇల్లూ హోటలైంది. వైఫై అద్దెకిచ్చారు, అన్నం అమ్మారు, మనిషికి 25 డాలర్లు పుచ్చుకుని దోనెల్లో శిబిరానికి చేర్చారు. అరటితోటలు బీడుపడ్డాయి, ఎందుకంటే దోనెలో అరటిగెల కంటే మనిషికి కిరాయి ఎక్కువ. తాగే నదిలో చెత్త, డైపర్లు, అప్పుడప్పుడూ శవాలు. ఆ డబ్బుతో కొందరు కొత్త మోటార్లు కొన్నారు, కొందరు సిమెంటు ఇల్లు కట్టారు. 2025 మొదట్లో అమెరికా సరిహద్దు బిగుసుకోవడంతో జనం రావడం ఒక్కసారిగా ఆగింది. అప్పుచేసి కొన్న మోటారు రేవులో నిలబడిపోయింది. ఆ ఏడాది కొందరు వెనక్కి, దక్షిణానికే పోసాగారు. అడవిలోంచి కాదు, పనామా తీరం నుంచి పడవల మీద.

> ఒక దేశాన్ని ముంచిన అడవి
>
> దారియెన్ తీరంలో వలస స్థాపించి రెండు సముద్రాల వర్తకం చేతబట్టాలని 1698లో స్కాట్లండ్ ఓడలు పంపింది. పెద్దింటివాళ్ళ నుంచి చిన్న వర్తకుల దాకా దేశమంతా డబ్బు పెట్టింది. జ్వరాలు, ఆకలి, స్పెయిన్ దాడి. రెండేళ్ళకే అంతా అయిపోయింది. దాదాపు రెండు వేలమంది చనిపోయారు. చితికిపోయిన స్కాట్లండ్ 1707లో ఇంగ్లండ్‌తో కలిసిపోవడానికి ఈ దెబ్బ ఒక కారణమని చరిత్రకారులు చెబుతారు.

కారు ఓడెక్కాలి

కొలంబియా నాయకులు అప్పుడప్పుడూ రోడ్డు మాట ఎత్తుతుంటారు. వర్తకం పెరుగుతుందంటారు. పనామా నవ్వి ఊరుకుంటుంది. జబ్బులు, మత్తుమందు, ముఠాలు, వలస. ఇన్ని భయాలున్నవాళ్ళకి అడవే ఖర్చులేని సరిహద్దు కాపలా.

అయినా ఏటా కొన్ని వందల కుటుంబాలు, రిటైరైన జంటలు, మోటారుసైకిల్ పిచ్చోళ్ళు అలాస్కా నుంచి బయల్దేరుతూనే ఉంటారు. డెడ్‌హార్స్ నుంచి దిగేటప్పుడు డాల్టన్ హైవే మీద కోల్డ్‌ఫుట్ దాకా దాదాపు 390 కిలోమీటర్లు పెట్రోలు బంకు ఉండదు. కోస్టారికాలో మృత్యు శిఖరం అని పేరున్న కొండ మీద మంచుపొగలో ఎదురు లారీ కనబడదు. ఇవన్నీ దాటి పనామా నగరం చేరాక మొదలవుతుంది అసలు ప్రయాస, కాగితాల ప్రయాస. పోలీసుల దగ్గర బండి ఇంజిన్ నంబరు తనిఖీ, మత్తుమందు కుక్కలతో తనిఖీ, ఏజెంటుకి ఫోన్లు. నలభై అడుగుల కంటైనర్లో రెండు బండ్లు పడతాయి కాబట్టి ఖర్చు పంచుకోవడానికి తోడు వెతుక్కోవాలి. తోడు దొరికే ఆ రెండోవాడు ఏ దేశంవాడో, ఎలాంటివాడో ఎవరికీ తెలియదు. ఈ కంటైనర్ స్నేహాలు కొన్ని అర్జెంటీనా దాకా సాగుతాయి, కొన్ని కస్టమ్స్ ఆఫీసులోనే తెగిపోతాయి.

కంటైనర్ కొలోన్ రేవులో ఓడెక్కుతుంది. మనుషులు విమానంలో గంటన్నర ఎగిరి కార్తహేనాలో దిగి, హోటల్లో కూర్చుని ఓడ కోసం ఎదురుచూస్తారు. దారియెన్ వాళ్ళకి కనబడేది విమానం కిటికీలోంచి, అదీ మబ్బు లేకపోతే. బండి చేతికొచ్చాక ఇక సాఫీ. ఆండీస్ కొండలు, నాస్కా, అటకామా ఎడారిలో ఇసుకలోంచి పైకి లేచిన పదకొండు మీటర్ల సిమెంటు చేయి, పటగోనియా ఈదురుగాలి. ఉషువయా దగ్గర లపతాయా తీరంలో బోర్డు మీద అలాస్కాకి 17,848 కిలోమీటర్లని రాసి ఉంటుంది. బండి మీటరు చూసుకుంటే అంతకంటే ఎంతో ఎక్కువ తిరిగి ఉంటుంది. కార్తహేనా నుంచి అక్కడి దాకా రోడ్డు ఎక్కడా తెగదు, మెగల్లాన్ జలసంధి దగ్గర ఒక్క ఫెర్రీ తప్ప. గాలి ఎక్కువైతే అదీ ఆపేస్తారు, అప్పుడు ఒడ్డున లారీల వెనక లైన్లో నిలబడాల్సిందే.